వేషమా, బట్టా? – ఇరవై ఏళ్ళ సుంకం తగాదా



ఈ మధ్య మన వాళ్ళ గ్రూపుల్లో ఒక మాట తిరుగుతోంది. అమెరికాలో ఉన్న మనవరాలికి కూచిపూడి డ్రెస్సు కుట్టించి పంపేటప్పుడు పార్సిల్ కాగితం మీద "బట్టలు" అని రాయకూడదట, "కాస్ట్యూమ్" అని రాస్తే పన్ను పడదట. ఎవరు చెప్పారంటే ఎవరికీ తెలియదు. పూర్తిగా అబద్ధమని తోసేద్దామంటే అందులో కొంత నిజం ఉంది. నిజమని నమ్మి పంపితే అవతల పిల్లలకు చిక్కు. ఆ కొంత నిజం ఎక్కడిదో చెప్పడానికే ఈ వ్యాసం. కథ కాస్త పొడుగు. తీరిక ఉన్నప్పుడు చదవండి.

సుంకం పుస్తకం ఎలా ఉంటుందో ముందు రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఓడరేవులో దిగిన ప్రతి సరుకుకూ ఒక అంకె ఉంటుంది. ఆ అంకెను బట్టే పన్ను. దేశదేశాల అంకెలు ఒకటిగా ఉండాలని చేసుకున్న ఒప్పందం 1988 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మన దేశం 1986లోనే తన సుంకం పట్టికను ఆ పద్ధతిలోకి మార్చుకుంది. అమెరికా 1989 జనవరి 1న మార్చుకుంది. అందులో 61వ అధ్యాయం అల్లిక బట్టలది, అంటే బనియన్లు, స్వెట్టర్ల జాతి. 62వది నేత బట్టలది. 95వది ఆటబొమ్మలు, ఆట సామాను, పండుగ సరుకులది. మొదటి ఆరు అంకెలు అన్ని దేశాలకూ ఒకటే. ఆ తరువాతి అంకెలు, పన్ను ఎంతన్నది ఎవరి దేశం వారిది.

సరుకు పేరు పెట్టి పన్ను చెప్పడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం చూడండి. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు అంటూ ఒక్కొక్క సరుకునూ విడివిడిగా పేర్కొని, ఇంత మాత్రమే తీసుకుంటాం, అంతకు మించి తీసుకోం అని సముద్ర వర్తకులకు రాసిచ్చిన మాట అది. సుంకం ఎంత అన్నది ఒక ప్రశ్న. ఈ సరుకు ఏ పేరు కిందికి వస్తుంది అన్నది రెండో ప్రశ్న. మొదటిదానికి రాజు జవాబు చెప్పగలడు. రెండోదానికి రేవులో నిలబడి మూట విప్పి చూసేవాడే చెప్పాలి. తగాదాలన్నీ ఆ రెండో ప్రశ్న దగ్గరే పుడతాయి.

ఇక అసలు కథ. అమెరికాలో అక్టోబరు 31న హాలోవీన్. పిల్లలు మంత్రగత్తె, సముద్రపు దొంగ, విదూషకుడు, అరబ్బు షేకు, ఇలా రకరకాల వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. మన పగటివేషగాళ్ళు గుర్తుకు రావడం సహజమే గాని పోలిక అంతవరకే. మనవాళ్ళకు అది కులవృత్తి, ఏడాది పొడుగునా సాగే బతుకుతెరువు. అక్కడ అది ఒక్క సాయంత్రపు సరదా. ఆ ఒక్క సాయంత్రం కోసం వేషాల దుస్తులు అమెరికాకు ఓడల్లో దిగుతాయి. చవక రకం పాలిస్టర్ గుడ్డ. అంచులు మడవకుండా వదిలేసి ఉంటాయి. మెడ వెనక ఒక్క వెల్క్రో ముక్క. ఒకసారి వేసుకుని ఉతికితే రెండోసారికి పనికిరావు.

ఇవి బట్టలా, పండుగ సరుకులా? బట్టలైతే కృత్రిమ నూలు అల్లిక రకాలకు 32 శాతం దాకా సుంకం. పండుగ సరుకులైతే సున్నా. పైగా ఆ రోజుల్లో బట్టలకు కోటాలు ఉండేవి. ఏ దేశం నుంచి ఏ రకం బట్ట ఎంత దిగాలన్న ఆ లెక్క 2004 చివరి దాకా నడిచింది. సోలాపూర్, భివండి వైపు ఎగుమతి వ్యాపారంలో ఉన్న మన పెద్దలకు ఆ కోటాల మాట బాగా గుర్తుంటుంది. పండుగ సరుకులకు ఆ గొడవ లేదు. అంటే ఒక్క పేరు మారితే పన్నూ పోతుంది, కోటా కూడా పోతుంది.

పుస్తకంలో దీనికి జవాబు ఉందా అంటే ఉన్నట్టే ఉంటుంది. 95వ అధ్యాయం మొదట్లో ఒక గమనిక ఉంది. 61, 62 అధ్యాయాలకు చెందిన వస్త్రపు ఫ్యాన్సీ డ్రెస్ ఈ అధ్యాయంలోకి రాదు అని దాని సారం. చదవగానే విషయం తేలిపోయినట్టు అనిపిస్తుంది. ఇంకోసారి చదవండి. "61, 62కు చెందిన" ఫ్యాన్సీ డ్రెస్ రాదు అన్నారు. ఏ ఫ్యాన్సీ డ్రెస్ 61, 62కు చెందుతుంది? బట్ట అనిపించుకునేది. ఏది బట్ట అనిపించుకుంటుంది? 61, 62కు చెందేది. గానుగెద్దులా తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చాం. గుడ్డతో చేసిన వేషాలన్నీ బట్టలే అని దీనికి అర్థమా, లేక కొన్ని వేషాలు బట్టలు, కొన్ని కావు అని అర్థమా? రెండు విధాలా చదవవచ్చు. ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగింది ఈ ఒక్క వాక్యమే.

1990లలో అక్కడి కస్టమ్స్ శాఖ రెండో అర్థం వైపు మొగ్గింది. నాసిగా, మన్నిక లేకుండా, మామూలుగా ఎవరూ వేసుకోని విధంగా ఉన్న వేషాలు పండుగ సరుకులు, పన్ను లేదు. బాగా కుట్టినవి బట్టలు, పన్ను ఉంది.

ఇది నచ్చనివాళ్ళు ఎవరో చూడండి. న్యూయార్క్ రాష్ట్రంలోని రూబీస్ కాస్ట్యూమ్ కంపెనీ. వేషాల వ్యాపారంలో అక్కడ పెద్ద పేరు. అప్పట్లో ఆ కంపెనీ స్వదేశంలో వేషాలు తయారుచేసేవారి తరఫున మాట్లాడింది. పైనుంచి వచ్చే చవక సరుకు పన్ను లేకుండా దిగిపోతుంటే తాము నిలబడేదెలా అన్నది వారి బాధ. అమెరికా చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. ఇతరులు దిగుమతి చేసుకునే సరుకును కస్టమ్స్ వాళ్ళు తప్పు పేరు కింద వేస్తున్నారని స్థానిక ఉత్పత్తిదారు ఫిర్యాదు చేయవచ్చు, కోర్టుకూ వెళ్ళవచ్చు. రూబీస్ ఆ దారి పట్టింది. గుడ్డతో చేసిన వేషం ఏదైనా బట్టే, ఒంటిని కప్పేది బట్ట కాక మరేమిటి అని వాదించింది. 1998లో కస్టమ్స్ శాఖ ఆ వాదాన్ని తోసిపుచ్చింది. నాణ్యంగా కుట్టింది బట్ట, మిగిలినవి పండుగ సరుకులు అన్న తన మాట మీదే నిలబడింది.

రూబీస్ వాణిజ్య న్యాయస్థానానికి వెళ్ళింది. 2002లో అక్కడ గెలిచింది. వేషాలూ బట్టలే అన్నారు న్యాయమూర్తి. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది. 2003 ఆగస్టులో ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు కింది తీర్పును తిరగేసింది. మామూలుగా వేసుకునే బట్టలకు ఉండే మన్నిక, సౌఖ్యం, ఉపయోగం ఈ వేషాలకు లేవు, పండుగ నాడు సరదాకు వాడేవి ఇవి, కస్టమ్స్ వారు గీసిన గీత సరైనదే అంది.

మధ్యలో ఇంకో కేసు ప్రభావం ఉంది, ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళ్దాం. 2001లో అమెరికా సుప్రీంకోర్టు మీడ్ అనే కంపెనీ కేసులో తీర్పు చెప్పింది. అది మనం బల్ల మీద పెట్టుకునే ప్లానర్ పుస్తకాల గురించి. అవి డైరీలా కావా, 4 శాతం పన్ను పడుతుందా లేదా అన్నది తగాదా. కస్టమ్స్ అధికారి రాసిన ఉత్తరానికి కోర్టు కళ్ళు మూసుకుని తల ఊపనక్కరలేదు, అందులోని తర్కానికి ఎంత బలం ఉంటే అంత విలువ ఇవ్వాలి అని సుప్రీంకోర్టు తేల్చింది. నాలుగు శాతం డైరీ పన్ను మీద పుట్టిన ఆ తీర్పును అమెరికాలో పరిపాలనా చట్టం చదివే విద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారు. వేషాల కేసులో కోర్టు ఆ కొలతతోనే కస్టమ్స్ వారి తర్కాన్ని తూచి, బలంగానే ఉందని ఒప్పుకుంది.

ఇంతకూ ఆ గీత ఏమిటి? మన టైలర్లు విని నవ్వుకుంటారు గాని, గీత అంతా కుట్టు మీదే ఉంది. కస్టమ్స్ వారు నాలుగు సంగతులు చూస్తారు. దుస్తు తీరు, కుట్టిన విధం, తుది మెరుగులు, అలంకరణ. నడుము దగ్గర కొలత పెట్టి కుట్టారా, లేక గోనెసంచికి చేతులు పెట్టినట్టు వదిలేశారా? అంచులు మడిచి కుట్టారా, పోగులు వేలాడుతున్నాయా? మూసుకోవడానికి జిప్పు ఉందా, గుండీలు ఉన్నాయా, లేక వెల్క్రో ముక్క ఒక్కటేనా? గుడ్డ దళసరా, అవతలి మనిషి కనిపించేంత పలచనా? జరీ, లేసు కుట్టి అతికారా, జిగురుతో అంటించారా? వీటిలో ఏదో ఒక్కటి చూసి కాదు, అన్నీ కలిపి చూసి తేలుస్తారు. కాగితం మీద వ్యాపారి ఏమి రాశాడన్నది కాదు, మూట విప్పితే సూది ఏమి చెప్పిందన్నది ముఖ్యం.

మాకు ఇక్కడే మనసు చివుక్కుమంది. బాగా కుట్టినవాడికి పన్ను, పారేసేటట్టు కుట్టినవాడికి మినహాయింపు. చట్టం ఉద్దేశం అది కాకపోవచ్చు. బట్టల పన్ను బట్టల పరిశ్రమను కాపాడడానికి పెట్టింది, ఒక్క రాత్రి వేషం వల్ల చొక్కాలు కుట్టేవాడికి నష్టం లేదు అన్నది వారి లెక్క. ఆ లెక్కలో న్యాయం ఉంది. కాని ఫలితం మాత్రం ఇది. ఒక కర్మాగారం యజమాని పన్ను తప్పించుకోవాలంటే జిప్పు తీసేసి వెల్క్రో పెట్టాలి, అంచు మడవడం మానేయాలి.

ఇదే కొలత మన నాటకాల వాళ్ళకు పెడితే ఏమయ్యేదో ఊహించండి. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరస వినోదినీ సభ, కోలాచలం శ్రీనివాసరావు గారి సుమనోరమా సభ, ఆ వేదికల మీద పెరిగిన బళ్ళారి రాఘవ – కర్ణాటకలో ఉన్న మన వాళ్ళకు ఇవి ఇంటి పేర్ల వంటివి. 1885 నుంచి ఆడుతున్న సురభి వారి సంగతి సరేసరి. పద్యనాటకంలో కృష్ణుడి దుస్తు, దుర్యోధనుడి దుస్తు అంటే మఖమల్ గుడ్డ, జరీ పని, లోపల లైనింగు. ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి దాచి, ఊరూరా తిప్పి, ఏళ్ళ తరబడి వాడేవారు. వేషధారి మారినా దుస్తు మారేది కాదు, నడుము దగ్గర విప్పి మళ్ళీ కుట్టేవారు. ఆ నాలుగు సంగతులూ పెట్టి చూస్తే అవి నిక్కచ్చిగా బట్టలే. వేషమంటే తేలిక సరుకు అన్న భావం మన రంగస్థలానిది కాదు, అక్టోబరు 31 దుకాణానిది.

ఇక తరువాతి ఘట్టం. పండుగ సరుకు అన్న మాట పట్టుకుని ఇంకొందరు ముందుకు వచ్చారు. క్రిస్మస్ బొమ్మలు, హాలోవీన్ గుమ్మడికాయ బొమ్మలు అల్లిన స్వెట్టర్లు కూడా పండుగ సరుకులే, పన్ను తీసేయండి అని మైఖేల్ సైమన్ డిజైన్ అనే కంపెనీ వాదించి గెలిచింది కూడా. 2007లో అప్పీళ్ళ కోర్టు వారి వైపే తీర్పు చెప్పింది. కాని ఆ గెలుపు నిలిచేది కాదు. అదే ఏడాది అంతర్జాతీయ పట్టికలో 95వ అధ్యాయానికి కొత్త గమనిక చేరింది. నిత్యం వాడుకునే పని ఉన్న వస్తువులు – గిన్నెలు, తివాచీలు, దుప్పట్లు, బట్టలు వగైరా – పండుగ బొమ్మ ఉన్నంత మాత్రాన పండుగ సరుకులు కావు, అవి దేనితో చేసినవో దాని కిందికే పోతాయి అని. ఆ గమనిక మన దేశపు పట్టికలోనూ ఉంది. సంక్రాంతి ముగ్గు అచ్చు వేసినా తువ్వాలు తువ్వాలే.

ఇప్పుడు రూబీస్ మళ్ళీ వేదిక ఎక్కుతుంది. ఈసారి వేషం మారింది. అది ఇప్పుడు దిగుమతిదారు. పైనుంచి శాంతాక్లాజ్ దుస్తుల సెట్లు తెప్పించింది. చవక రకం కాదు, మేలు రకం. కోటుకు జిప్పు ఉంది, లైనింగు ఉంది, బెల్టు దూర్చడానికి పట్టీలు ఉన్నాయి. ప్యాంటుకు జేబులు ఉన్నాయి. డ్రైక్లీనింగ్ చేయించాలని చీటీ కుట్టి ఉంది. కస్టమ్స్ వారు విప్పి చూసి, కోటు బట్ట, 32 శాతం అన్నారు. ప్యాంటు 28.2 శాతం. చేతి తొడుగులు 18.6. బహుమతుల సంచి 17.6. గడ్డం, విగ్గు వంటి మిగతావి మాత్రం పన్ను లేని పండుగ సరుకులు.

రూబీస్ కోర్టుకు వెళ్ళింది. ఏమని? ఇవి బట్టలు కావు, పండుగ సరుకులు అని! గుడ్డతో చేసిన వేషం ఏదైనా బట్టే అని ఒకప్పుడు ఏ కోర్టు మెట్లు ఎక్కిందో, అవే మెట్లు ఎక్కి, తన పేరు మీదే ఉన్న 2003 తీర్పును చేతిలో పట్టుకుని, వేషం బట్ట కాదు అని వాదించింది. ఏ ఎండకు ఆ గొడుగు. వ్యాపారి అలా చేయడంలో తప్పు పట్టాల్సిందేమీ లేదు. సరుకు తయారుచేసేవాడికి ఒక న్యాయం, తెప్పించుకునేవాడికి ఒక న్యాయం అవసరమవుతాయి. కాని కోర్టుకు గీత ఒక్కటే. 2017లో వాణిజ్య న్యాయస్థానం, 2019 ఏప్రిల్‌లో అప్పీళ్ళ కోర్టు ఒకే మాట చెప్పాయి. ఈ కోటు నాసిది కాదు, మన్నేది, శుభ్రం చేయించి మళ్ళీ మళ్ళీ వేసుకునేది. కాబట్టి బట్ట. ఏడాదికి కొద్ది రోజులే వేసుకుంటారన్నది దాన్ని మార్చదు. పెళ్ళి పట్టుచీర మాత్రం ఏడాదికి ఎన్ని రోజులు కడతాం? అది చీర కాకుండా పోతుందా?

ఇదీ "కాస్ట్యూమ్ అని రాస్తే పన్ను పడదు" అన్న మాటలోని నిజం. నాసి హాలోవీన్ వేషానికి పన్ను లేదు. ఆ ముక్క ఎవరో విని, వేషమనే పేరున్న ప్రతిదానికీ అంటగట్టారు.

మన పార్సిళ్ళకు దీనితో ఇప్పుడు పని ఎందుకు పడింది? 2016 నుంచి అమెరికాకు పంపే 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు సుంకం ఉండేది కాదు. దాని లోపలి డ్రెస్సు వేషమో బట్టో ఎవరూ పట్టించుకోలేదు. 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు అన్ని దేశాలకూ ఎత్తేశారు. దానికి నాలుగు రోజుల ముందు మన తపాలా శాఖ అమెరికా పార్సిళ్ళు చాలావరకు ఆపేసి, అక్టోబరు నడుమ మళ్ళీ మొదలుపెట్టింది. దసరా ముందు డ్రెస్సులు పంపాలనుకున్న ఇళ్ళల్లో ఆ కంగారు ఇంకా మరిచిపోలేదు. మనిషికి మనిషి పంపే నిజమైన కానుకకు 100 డాలర్ల లోపు మినహాయింపు మాత్రం అలాగే ఉంచారు. దేశాలవారీగా వేసే అదనపు సుంకాలు వేరే సంగతి. అవి తరచూ మారుతున్నాయి కాబట్టి పంపే రోజున కనుక్కోవాల్సిందే.

ఇప్పుడు కూచిపూడి డ్రెస్సును ఆ నాలుగు ప్రశ్నల ముందు పెట్టండి. పిల్ల కొలతలు తీసుకుని కుట్టింది. ముందు విసనకర్రలా విప్పుకునే కుచ్చులు ఒక్కొక్కటీ మడత పెట్టి కుట్టినవి. జాకెట్టుకు లైనింగు, హుక్కులు. పిల్ల ఎదిగితే వదులు చేయడానికి లోపల గుడ్డ వదిలి ఉంచుతారు. అరంగేట్రానికి వేసుకున్నది మళ్ళీ ఉగాది వేడుకకు, ఆ తరువాత చెల్లెలికి. ఎటు చూసినా ఇది శాంతాక్లాజ్ కోటు పక్కన నిలబడేదే గాని వెల్క్రో మంత్రగత్తె పక్కన కాదు. "కాస్ట్యూమ్" అన్న ముక్క రాసినా మూట విప్పేవాడి కళ్ళు కుట్టు మీదే ఉంటాయి. పేరుకూ సరుకుకూ పొంతన లేకపోతే పార్సిల్ ఆగుతుంది. ఆగితే పిల్ల కార్యక్రమం తేదీ దాటిపోతుంది.

కాబట్టి కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆడపిల్ల నాట్య దుస్తులు. గుడ్డ పట్టా, నూలా, పాలిస్టరా. నేతా, అల్లికా. ఎన్ని ముక్కలు. కుట్టుకూలితో కలిపి అసలు ఖరీదు ఎంత. టెంపుల్ సెట్టు నగలు బట్టల జాతి కాదు, అనుకరణ నగలకు 71వ అధ్యాయంలో వేరే అంకె ఉంది. అవి అదే పెట్టెలో పెట్టినా వేరే వరుసలో రాయాలి. టైలరు బిల్లు నకలు ఒకటి లోపల పెట్టండి. చాలామంది టైలర్లు చీటీ మీద "డ్రెస్ – 1" అని రాసి ఇస్తారు. గుడ్డ రకం కూడా రాయించుకోండి.

పాత నాటక సమాజాల దుస్తులు ఇంకా ఎవరింటి అటక మీదైనా ఉంటే ఫొటోలు తీసి కింద పెట్టండి. లోపలి వైపు కుట్టు కనిపించేటట్టు తీస్తే మరీ మంచిది.